కంది పండే ఊళ్ళో పప్పు ఎందుకు పలచబడింది?

సంపాదకులకు నమస్కారం.

చిరుధాన్యాల గురించి, తాతముత్తాతల తిండి గురించి పత్రికల్లో వస్తున్న వ్యాసాలు కనపడినవన్నీ చదువుతాను, మీ పత్రికలోవి కూడా. చాలావాటిలో కథ ఒకటే. పూర్వం పల్లెల్లో జొన్నరొట్టె, అంబలి తిని గట్టిగా ఉండేవాళ్ళు, తర్వాత బియ్యం వచ్చింది, దాంతో పాటు షుగరు, బీపీ వచ్చాయి, మళ్ళీ జొన్నలకి పోతే అన్నీ సర్దుకుంటాయి. నేను తాండూరు దగ్గర ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల బరువు తూచడం, ఎత్తు కొలవడం, గర్భిణులను కూర్చోబెట్టి అన్నం పెట్టడం నా పని కాబట్టి ఊళ్ళో ఏ ఇంటి పొయ్యి మీద ఏముందో నాకు చాలావరకు తెలుసు. ఆ కథలో సగమే నిజం. మిగతా సగాన్ని నమ్మి ప్రభుత్వాన్ని అడగాల్సింది, అంటే రేషన్‌లో పప్పు, అడగడం మానేశాం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత తిండి అంటే ఎవరి పాత తిండి? మా వైపు జొన్నే ప్రధానం, నిజమే. కానీ పటేళ్ళ ఇళ్ళలో రొట్టెతో పాటు పప్పు, పెరుగు, నెయ్యి ఉండేవి. జీతగాళ్ళకి, కూలివాళ్ళకి గట్క (జొన్నరవ్వతో వండే ముద్ద), దాని మీద ఇంత పచ్చిపులుసు, అదీ లేకపోతే కారం, ఉల్లిగడ్డ. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళని అడిగితే వరి అన్నం పండుగకో పెళ్ళికో తప్ప చూడలేదంటారు. ఎండాకాలం పనులు లేనప్పుడు ఒక పూట అంబలితో గడిపిన ఇళ్ళు ఎన్నో. దాన్ని ఇవాళ డైటింగ్ లాగా చెప్పడం నాకు నచ్చదు, అది ఆకలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, పత్రికల్లో నేనెక్కడా చూడలేదు. 1960 ప్రాంతంలో డాక్టర్ సి. గోపాలన్ బృందం (ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళే) పెల్లాగ్రా అనే జబ్బు మీద పనిచేశారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొరలు పొరలుగా ఊడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చెదురుతుంది. ఈ జబ్బు దక్కన్‌లో జొన్న తినే పేదవాళ్ళలో ఎక్కువగా కనపడేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమినో ఆమ్లం, శరీరంలో నయాసిన్ అనే విటమిన్ పనికి అడ్డం పడుతుందని ఆయన చెప్పారు. ఆ వివరణ మీద తర్వాత శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. అయినా జొన్న ఒక్కటే తిని, పక్కన పప్పు, పాలు, మాంసం దొరకని మనుషులకే ఆ జబ్బు వచ్చిందన్న దాంట్లో వాదన లేదు. ఆ జబ్బు ఇప్పుడు మా వైపు దాదాపు కనపడదు, తిండి కొంత మారడం కూడా దానికి కారణం. జొన్న మంచిదే, నేను వారానికి నాలుగైదు సార్లు రొట్టె చేసుకుంటాను. కానీ ఏ గింజ అయినా ఒంటరిగా మనిషిని నిలబెట్టలేదు, అది జొన్న కానీ, సన్నబియ్యం కానీ, కిలో రెండింతల ధర పెట్టి కొనే కొర్రలు కానీ.

అందుకే 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు పల్లెల్లో పేదవాళ్ళు ఎందుకంత సంతోషపడ్డారో అర్థం చేసుకోవాలి. అప్పటిదాకా పటేలింట్లో ఉడికే అన్నం తమ ఇంట్లో కూడా ఉడికింది. దాన్ని ఇవాళ ఎవరైనా పొరపాటు అంటే ఒప్పుకోను. పొరపాటు ఎక్కడంటే బియ్యం దగ్గరే ఆగిపోవడం. నలభై ఏళ్ళు దాటినా రేషన్ షాపు అంటే ఇప్పటికీ బియ్యమే, ధర మధ్యలో పెంచారు, మళ్ళీ తగ్గించారు, చివరికి 2023 నుంచి ఉచితం చేశారు, తెలంగాణలో 2025 ఉగాది నుంచి దొడ్డు బియ్యం పోయి సన్నబియ్యం వచ్చాయి. సన్నబియ్యం ఇవ్వడం మంచి పనే, దొడ్డు బియ్యం ఉన్నప్పుడు తినలేక పది రూపాయలకో ఎనిమిది రూపాయలకో అమ్ముకునేవాళ్ళు, ఇప్పుడు వండుకుని తింటున్నారు. కానీ గిన్నెలో అన్నం ఎంత పెరిగినా దాని పక్కన పెట్టుకునేది పెరగలేదు, చాలా ఇళ్ళలో తగ్గింది కూడా.

ఎట్లా తగ్గిందో చెప్పాలంటే చేను దగ్గరికి పోవాలి. మా నల్లరేగడిలో ఇదివరకు జొన్న ఒక్కటే వేసేవాళ్ళు కాదు. జొన్న సాళ్ళ మధ్య కంది సాలు, అక్కడక్కడ అనుములు, బొబ్బర్లు, పెసర, యాసంగిలో కుసుమలు, శనగలు. ఇంటికి నూనె కుసుమల నుంచో పల్లీల నుంచో గానుగలో ఆడించుకొచ్చేవాళ్ళు. కలుపు తీయడానికి పోయిన ఆడవాళ్ళు వచ్చేటప్పుడు కొంగులో ఆకుకూర తెచ్చేవాళ్ళు: గంగవాయిల కూర, దొగ్గలి కూర, చెంచలి కూర, తుమ్మికూర, పొన్నగంటి కూర. అవి ఎవరూ విత్తినవి కావు, ఎవరికీ డబ్బులు కట్టే పని లేదు, ఎంత లేనివాళ్ళకైనా వానాకాలం నాలుగు నెలలు కూర ఉండేది. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళలు ఈ కూరల గురించి, విత్తనాల గురించి ఎన్నో ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు, వాళ్ళని సన్మానాలకి పిలుస్తారు కానీ వాళ్ళు చెప్పింది ఎవరూ అమలు చేయరు.

ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి. ఎడ్లు పోయాక జొన్నచొప్పతో పని లేదు. జొన్న వేయడానికి సగం కారణం చొప్పే, గింజ మనిషికి, చొప్ప పశువుకి. సగం కారణం పోయాక పిట్టల కాపలా కాయడం, కంకి కోయడం ఎవరు పడతారు? ఆ జాగాలో పత్తి వచ్చింది, 2002 తర్వాత బీటీ విత్తనంతో ఇంకా వేగంగా. పత్తిని తినలేం. పత్తి చేలో కలుపు మందు కొడితే కలుపుతో పాటు గంగవాయిల కూర కూడా మాడిపోతుంది, మాడకుండా మిగిలినదాన్ని పురుగుమందు కొట్టిన చేలోంచి తెచ్చి వండుకోమని నేను గర్భిణికి చెప్పలేను. అప్పట్లో కొంగులో వచ్చిన కూర ఇప్పుడు సంతలో కొంటే వస్తుంది. కట్ట ఇరవై రూపాయలంటే కూలి మనిషి టమాటలు నాలుగు తీసుకుని ఇంటికి పోతుంది.

పాలదీ ఇదే కథ. బర్రె ఉన్న ఇంట్లో కూడా పొద్దున్నే పాలు డైరీ వ్యాన్‌కి పోతాయి, పిల్లలకి చాయలోకి మిగిలిన పాలే. దళితవాడల్లో ఇదివరకు ఎండబెట్టిన మాంసం, తునకలు, దండెం మీద ఉండేవి, గుప్పెడు వేసి గోంగూరలో వండితే ఇంటిల్లిపాదికీ బలమైన కూర. దాన్ని చిన్నచూపు చూసి చూసి ఆ పిల్లలే సిగ్గుపడేట్టు చేశారు. ఇప్పుడు ఆ స్థానంలో ఆదివారం బాయిలర్ కోడి ఒకటే వచ్చింది, మిగతా ఆరు రోజులు పలచటి చారు.

ఇక పప్పు. అసలు ఈ ఉత్తరం దీని గురించే. తాండూరు కందిపప్పుకి దేశమంతా పేరుంది, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అప్పుడు అందరం స్వీట్లు పంచుకున్నాం. మా ఊరి చుట్టూ కంది చేలే. కానీ నా సెంటర్ పరిధిలో కూలి చేసుకునే ఇళ్ళలో ముద్దపప్పు అంటే అమావాస్యకో పండుగకో. మిగతా రోజుల్లో వండేది పప్పుచారు, అందులో పప్పు అడుగున వెతుక్కోవాలి. కారణం చాలా మామూలుది. కందులు చేతికి రాగానే రైతు అప్పు తీర్చడానికి మార్కెట్‌కి తోలేస్తాడు, కూలివాళ్ళకి ఇదివరకు గింజల రూపంలో ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు డబ్బులే. కందులకి 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 8,000, అంటే కిలో 80. కిలో కందులు ఆడిస్తే ముప్పావు కిలోకి అటూ ఇటూగా పప్పు వస్తుంది, దాని మీద మిల్లు ఖర్చు, దళారి, రవాణా, షాపు, అన్నీ కలిసి ఎంతవుతుందో మీరే లెక్క వేయండి. రెండు మూడేళ్ళ కింద ఒక దశలో కిలో 150 దాటింది. అప్పుడు మొజాంబిక్ నుంచి, మయన్మార్ నుంచి కందులు దిగుమతి చేశారు, మరి మా ఊరి కంది మా ఊరి ఆడకూతురి కంచంలోకి ఎందుకు రాదో ఎవరూ అడగలేదు.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2,000 కేలరీలు కావాల్సిన మనిషికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు, గుడ్లు, మాంసం వంటివి 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు అని అందులో ఉంది. ఇప్పుడు రేషన్‌తో పోల్చి చూడండి. తెలంగాణలో మనిషికి నెలకి ఆరు కిలోల బియ్యం, అంటే రోజుకి 200 గ్రాములు. ధాన్యం అవసరంలో ఎక్కువ భాగం ఉచితంగా వచ్చేస్తోంది, అది నిజంగా గొప్ప విషయం. 85 గ్రాముల పప్పు మాత్రం నెలకి రెండున్నర కిలోలు, అందులో రేషన్ నుంచి వచ్చేది సున్నా. మాంసం, గుడ్లు పోగా మనిషికి కిలో పప్పు చాలనుకున్నా నలుగురున్న ఇంటికి నెలకి నాలుగు కిలోలు. పత్తి ఏరే కూలితో ఆ డబ్బు పప్పుకి తీసి పెట్టే ఇల్లు నాకు అరుదుగా కనపడుతుంది.

ఆ ఖాళీలోకే ప్యాకెట్లు వచ్చాయి. పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున ఏడింటికి ఆటో ఎక్కాలి. ఐదింటికి లేచి అన్నం వండి చారు కాస్తుంది, రొట్టెలు చేసే టైం ఎక్కడ? జొన్నరొట్టె చేయడం పొయ్యి దగ్గర కనీసం గంట పని, చేయి తిరగాలి, కొత్తగా వచ్చిన కోడళ్ళకి చాలామందికి రాదు, వాళ్ళని తప్పుపట్టడం తేలిక. పిల్లాడి చేతిలో పది రూపాయలు పెట్టి పోతుంది. ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, ఐదు రూపాయల బిస్కట్లు. పది గంటలకి వాడు నా దగ్గరికి వచ్చేసరికి ఆకలి చచ్చిపోయి ఉంటుంది, అన్నం ముందు పెడితే కెలికి వదిలేస్తాడు. మా ఊళ్ళో కూరగాయల షాపు లేదు, ప్యాకెట్లు వేలాడదీసిన కిరాణా కొట్లు మాత్రం ప్రతి గల్లీలో ఉన్నాయి.

ఇది మా ఊరి గోడు మాత్రమే కాదు. కేంద్రం చేసిన కుటుంబ ఖర్చుల సర్వే ప్రకారం 1999-2000లో గ్రామీణ కుటుంబం మొత్తం ఖర్చులో ధాన్యాల వాటా 22 శాతం, 2022-23కి అది 5 శాతం లోపుకి వచ్చింది. ఉచిత బియ్యం ఆ లెక్కలోకి రాదు కాబట్టి కొంత సర్దుకుని చదవాలి, అయినా మార్పు పెద్దదే. అదే సర్వేలో పానీయాలు, తయారు చేసి అమ్మే తినుబండారాల వాటా 9.6 శాతం. బియ్యం మీద మిగిలిన డబ్బులో కొంత పప్పులోకి, పాలలోకి పోయి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు.

ఫలితం పిల్లల మీద కనపడుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 33 శాతం, అంతకు ముందు సర్వేలో 28 శాతమే. రక్తహీనత ఉన్న చిన్నపిల్లలు 70 శాతం. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తం తక్కువ, అదే వయసు ఆడవాళ్ళలో 30 శాతం మంది అధిక బరువు. ఆంధ్రప్రదేశ్ అంకెలు కూడా దీనికి పెద్ద దూరంలో లేవు. ఒకే ఇంట్లో తల్లి లావు, ఆమెకే రక్తం లేదు, పిల్లాడు పొట్టి. ఇది నేను రోజూ చూసే ఇల్లు. కడుపు నిండుతోంది కానీ ఒంటికి కావాల్సింది అందడం లేదు. పైగా అన్నం తినగానే చాయ తాగే అలవాటు ఒకటి, తిండిలో ఉన్న కాస్త ఐరన్‌ని కూడా ఒంటికి పట్టనివ్వదని ఎంత చెప్పినా మానరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం దేశంలో గ్రామీణ పెద్దల్లో దాదాపు 9 శాతం మందికి షుగరు ఉందని తేల్చింది, పల్లె మనిషి కష్టం చేస్తాడు కాబట్టి షుగరు రాదనే మాటకి కాలం చెల్లింది.

మంచి మార్పులు లేవని కాదు. నాగలి పట్టే మనిషి ఆకలితో పడుకునే రోజులు పోయాయి. గుడ్డు ఇంటింటికీ వచ్చింది, బడిలో, అంగన్‌వాడీలో పిల్లలకి గుడ్డు దొరుకుతోంది. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకి, బాలింతలకి ఒక పూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు పెడుతున్నాం. ఆంధ్రాలో 2023 నుంచి బడి పిల్లలకి రాగిజావ మొదలుపెట్టారు, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం, ఎదిగే పిల్లలకి ఇంతకన్నా చవకగా దొరికేది లేదు. పెట్టి చూస్తే ఫలితం ఉంటుందనడానికి హైదరాబాద్ దగ్గరి పల్లెల్లోనే సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 వరకు ఆ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో గర్భిణులకి, చిన్నపిల్లలకి మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు, పక్కన కొన్ని ఊళ్ళలో ఆ పథకం ఇంకా మొదలుకాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళయ్యాక కొలిస్తే, ఉప్మా తిన్న ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు, షుగరు జబ్బుకి దారితీసే లక్షణాలు కూడా వాళ్ళలో తక్కువ. కాస్త ఉప్మా, అదీ చిన్నప్పుడు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నా సెంటర్‌లో ఏ పిల్లాడైనా తినకుండా లేస్తే నాకు మనసు ఒప్పుకోదు.

కానీ అంగన్‌వాడీలో పెట్టేది ఒక పూటే. మిగతా పూటలు, మిగతా మనుషులు, పదిహేనేళ్ళ ఆడపిల్లలు, అరవై ఏళ్ళ అవ్వలు, వాళ్ళందరికీ రేషన్ షాపే దిక్కు. కాబట్టి నేను అడిగేది ఇదే. రేషన్‌లో మనిషికి నెలకి కనీసం కిలో పప్పు ఇవ్వాలి, కంది కానీ, శనగ కానీ, పెసర కానీ, ఏ జిల్లాలో ఏది పండితే అది. ఇది కొత్త ఊహ కాదు, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకి తొమ్మిది సరుకులు ఇచ్చారు, అందులో కందిపప్పు ఉంది, నాణ్యత మీద ఫిర్యాదులొస్తే నాణ్యత బాగు చేయాల్సింది పోయి పథకాన్నే మాయం చేశారు. తర్వాత కూడా సబ్సిడీ పప్పు వచ్చిన చోట ఒక నెల వస్తే ఒక నెల రాలేదు. అట్లా కాకుండా బియ్యం లాగే హక్కుగా రావాలి. ఆహార భద్రత చట్టం హక్కుగా ఇచ్చే రేషన్ గింజల్లో పప్పు లేదు. ముతక ధాన్యాలు (జొన్న, రాగి వంటివి) ఉన్నాయి, కిలో రూపాయికి ఇవ్వాలని 2013లోనే రాశారు, మాకు మాత్రం ఒక్క గింజ రాలేదు. మాకు ఆనుకునే ఉన్న కర్ణాటకలో రేషన్‌లో దక్షిణ జిల్లాలకి రాగులు, ఉత్తర జిల్లాలకి జొన్నలు ఇచ్చే పద్ధతి ఉంది. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి రైతుల దగ్గర రాగులు కొని రేషన్‌లో ఇచ్చింది. వాళ్ళకి చేతనైంది మనకి చేతకాదా?

జొన్న ఇస్తే పిండి రూపంలో ఇవ్వాలి, లేదా ఊళ్ళో మహిళా సంఘానికి చిన్న మర పెట్టించాలి. గింజలు ఇచ్చి ఆడవాళ్ళని మళ్ళీ విసుర్రాయి దగ్గర కూర్చోమనడం న్యాయం కాదు. బియ్యంలో కలిపిన ఫోర్టిఫైడ్ (పోషకాలు చేర్చిన) గింజల గురించి కూడా ఎవరో ఒకరు ఊరికి వచ్చి చెప్పాలి, అవి ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేస్తున్నారు, నేను చెబితే సగం మంది నమ్ముతారు. అందులో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 ఉన్నాయి, మంచివే, కానీ వందలో ఒక గింజ వేసి పప్పు బాధ్యత తీరిపోయిందనుకోకూడదు.

పప్పు ఇస్తే ఖర్చు అంటారు. ఆ పప్పుని తాండూరు మార్కెట్‌లో రైతు దగ్గరే మద్దతు ధరకి కొంటే ఆ డబ్బు మళ్ళీ ఈ ఊళ్ళకే వస్తుంది, పత్తి ఒక్కటే నమ్ముకున్న రైతు ఇంకో ఎకరం కంది వేస్తాడు, కంది వేరు భూమికి నత్రజని కూడా ఇస్తుంది. ఇందులో ఎవరికి నష్టమో నాకు అర్థం కాదు.

మీ పత్రికకి ఒక విన్నపం. చిరుధాన్యాల వంటకాల పేజీ వేయండి, వద్దనను. దాంతో పాటు, కందులు మార్కెట్‌కి వచ్చే జనవరిలో మీ విలేకరిని తాండూరు పంపించి, రైతుకి ఎంత ముట్టింది, అదే వారం తాండూరు కిరాణా షాపులో పప్పు ఎంతకి అమ్మారు, రెండూ పక్కపక్కన వేయండి. ఆ కాగితం పట్టుకుని పౌర సరఫరాల మంత్రిని, ప్రతిపక్షాన్ని, ఇద్దరినీ రేషన్‌లో పప్పు ఏ నెల నుంచి ఇస్తారో అడగండి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు వేయండి.

ఉద్యోగంలో ఉన్నదాన్ని కాబట్టి నా పేరు వేయవద్దని మనవి.

ఒక అంగన్‌వాడీ టీచర్,
వికారాబాద్ జిల్లా